సుంకి ఘాట్‌లో బస్సు ఆగింది

దేవమాలి చూద్దామని వెళ్లాను. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ, 1672 మీటర్లు. రోజంతా మబ్బు కమ్మేసి ఏమీ కనబడలేదు కాబట్టి దాని గురించి రాయడానికీ ఏమీ లేదు. రాయాల్సింది పొట్టంగి నుంచి సాలూరుకి దిగే కొండదారి, సుంకి ఘాట్ గురించే.

తిరుగు ప్రయాణంలో పొట్టంగి దాటాక సాలూరు బస్సు ఆగిపోయింది. ముందు కొండచరియ జారిందట. జేసీబీ వస్తోందన్నారు. వస్తూనే ఉంది! ఈలోగా అక్కడి బడ్డీలో టీ రేటు పెంచేశారు, కప్పు మాత్రం గుక్కెడే.

వానని తిట్టుకుంటుంటే పక్క సీటు పెద్దాయన నవ్వాడు. సాలూరు మనిషి, దామన్‌జోడి దగ్గరి బాక్సైట్ గనిలో చేసి రిటైరయ్యాడు. "వానదేం తప్పు బాబూ? రా, చూపిస్తాను" అని కిందికి దింపాడు.

రోడ్డు కోసం తవ్విన గట్టులో పైన ఎర్రమట్టి, దాని కింద తెల్లటి మెత్తటి పొర. గిల్లితే వేళ్లకు జిగటగా అంటుకుంది. "ఇదీ రాయే, కుళ్లిపోయింది" అన్నాడు. ఆ రాయి పేరు ఖోండలైట్. మా విశాఖ కైలాసగిరి కూడా అదే, కోణార్క గుడి కట్టిందీ ఎక్కువగా దాంతోనే. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం యుగాల తరబడి నానితే తెల్లబంకమన్ను అవుతుంది, గార్నెట్ అనే మరో ఖనిజంలోని ఇనుము తుప్పుపట్టి మట్టి ఎర్రబడుతుంది. పైనుంచి ఇంకిన నీళ్లు బంకమన్ను దగ్గర ఆగిపోతాయి. అక్కడ నీటి ఒత్తిడి పెరిగి మట్టి పట్టు సడలుతుంది. పొరలు రోడ్డు వైపే వాలి ఉంటే, పైమట్టి సబ్బు రాసిన బండమీద బిందెలా జారిపోతుంది. ఇక రోడ్డు వెడల్పు కోసం కొండ పాదాన్నే నరికేస్తే ఆపేదేముంది?

2018లో తిత్లీ తుపానప్పుడు గజపతి జిల్లా బరఘరలో కొండ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. అప్పుడూ అందరం తుపానునే తిట్టాం.

పెద్దాయన అడ్డుగోడలో నీళ్లు పోవడానికి పెట్టిన గొట్టాలు చూపించాడు. ఒక్కదాంట్లోంచీ చుక్క రావడం లేదు, మట్టితో పూడిపోయాయి. గోడకి రంగు మాత్రం కొత్తగా వేశారు. నాకు ఒళ్లు మండింది.

చీకటి పడుతుండగా జేసీబీ వచ్చింది. మట్టి తోసేసి, దారి ఇంకాస్త వెడల్పవ్వాలని గట్టు అడుగున మరో రెండు బకెట్లు తవ్వింది. పెద్దాయన ఒడియాలో గట్టిగా ఏదో అరిచాడు. ఆపరేటరు వినిపించుకోలేదు. మా డ్రైవరేమో ఎక్కండెక్కండని హారన్ కొట్టాడు.