సైకిల్ మీద అవుటర్ హెబ్రిడీస్: నా అనుభవం

స్కాట్లాండ్‌కి పడమట సముద్రంలో ఉన్న ఈ దీవుల మీదుగా హెబ్రిడియన్ వే అని సైకిల్ దారి ఉంది. దక్షిణాన వాటర్సే నుంచి ఉత్తరాన బట్ ఆఫ్ లూయిస్ దాకా 185 మైళ్లు, పది దీవులు. చాలా దీవుల మధ్య కాజ్‌వేలున్నాయి (నీళ్ల మీదుగా కట్టిన రోడ్లు), రెండు చోట్ల మాత్రం ఫెర్రీ ఎక్కాలి. నేనూ మా ఫ్రెండూ గ్లాస్గో నుంచి ఫెర్రీ ఎక్కే ఊరు ఓబన్‌కి రైల్లో వెళ్లాం. ఆ రైల్లో సైకిల్‌కి ముందే రిజర్వేషన్ కావాలి, చోటు తక్కువ కాబట్టి మొదట అది చూసుకోండి. ఫెర్రీలో ఆ టెన్షన్ లేదు, ఆ ఫెర్రీలు నడిపే కాల్‌మాక్ కంపెనీ వాళ్లు సైకిల్‌కి డబ్బులు తీసుకోరు. కింద కార్ల డెక్ మీద ఓ పక్కన తాడుతో కట్టేసి పైకెళ్లి టీ తాగడమే. వాటర్సే పక్కనున్న బారా దీవి చేరడానికి దాదాపు ఐదు గంటలు.

బారాలో విమానాలు బీచ్ ఇసుక మీదే దిగుతాయి, అదీ ఆటుపోటు చూసుకుని! ఫెర్రీకి టైముంటే చూడండి. ఫెర్రీ తప్పిందా, తర్వాతది గంటల తర్వాతే, అందుకే రోజంతా మా కళ్లు టైంటేబుల్ మీదే.

గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుందని అందరూ దక్షిణం నుంచి ఉత్తరానికే తొక్కుతారు. మాకు సౌత్ యూయిస్ట్‌లో అది కాస్తా ఎదురు తిరిగింది. అడ్డుకోవడానికి చెట్టన్నది లేదు, పల్లంలో కూడా పెడల్ తొక్కితేనే బండి కదిలింది. "రేయ్, ఇది దిగుడా ఎక్కుడా?" అని వాడు వెనక నుంచి అరుపులు.

నాకు బాగా నచ్చింది మాత్రం బెర్నరే నుంచి లెవర్‌బర్గ్ వెళ్లే ఫెర్రీ. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, కానీ నీళ్లకింద రాళ్లూ ఇసుక మేటలూ ఉండటంతో మెలికలు తిరుగుతూ వెళ్లేసరికి గంట పడుతుంది. దిగాక హారిస్. లస్కెంటైర్ తెల్ల ఇసుక చూసి మురిసిపోయేలోపే క్లిషమ్ కొండ వైపు ఎక్కుడు మొదలు. హారిస్, లూయిస్‌లలో ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, శనివారమే తిండి కొనిపెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణం లూయిస్‌లోని స్టోర్నోవే నుంచి స్కాట్లాండ్ ప్రధాన భూభాగం మీదున్న అల్లాపూల్‌కి ఫెర్రీలో. అక్కడ రైల్వే స్టేషన్ లేదు. ఇన్వర్‌నెస్ దాకా ఇంకో 90 కిలోమీటర్లు, అదీ తొక్కేశాం.