మిజుకి నిద్ర

మా వాడు భోజనాల దగ్గర మళ్ళీ అదే పాట. నిద్ర మానుకుంటేనే గొప్ప మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, పుడుతుందట. అప్పుడు ఊరుకున్నాను గానీ ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

జపాన్ మాంగా చిత్రకారుడు షిగెరు మిజుకి దీన్ని ఒప్పుకునేవాడు కాదు. తోటి చిత్రకారులు ఒసాము తెజుకా, షోతారో ఇషినోమొరి రాత్రుళ్ళు మేలుకోవడం గురించి గొప్పగా చెప్పుకుంటే, తను మాత్రం కంటినిండా నిద్రపోతానన్నాడు. దాని మీద ఓ చిన్న మాంగా కూడా గీశాడు. తెజుకా 1989లో, ఇషినోమొరి 1998లో పోయారు, ఇద్దరూ 60 ఏళ్ళకే. మిజుకి 93 ఏళ్ళు బతికాడు. తెజుకాది కడుపు క్యాన్సర్, కాబట్టి నిద్ర మీదే నెపం వెయ్యను.

నా కోపమల్లా వారం వారం పేజీలు అందించాలనే ఆ లెక్క మీద. వారపత్రికకి దాదాపు 20 పేజీలు. ముందు నేము, అంటే గళ్ళూ మాటలూ ఉన్న చిత్తు ప్రతి. ఎడిటర్ సరేనన్నాక పెన్సిలు, ఆపైన సిరా, రబ్బరుతో చెరపడం, నలుపు నింపడం, స్క్రీన్‌టోన్ (నీడల కోసం చుక్కలు అచ్చేసిన పల్చటి రేకు) అతికించడం. నేము తిరిగొస్తే పోయేది మొదటి రోజులు, అచ్చు తేదీ మాత్రం కదలదు. ఆ లోటు నిద్రలోంచే తీరాలి. ఇందులో త్యాగమేముంది?

పైగా మిజుకి నేపథ్యాలు చూడండి. చెట్టు బెరడు, రాయి, చీకటి, అన్నీ చుక్కలే. పాళీ నిలువుగా పట్టాలి. వాల్చినా, గట్టిగా నొక్కినా పాళీ మొన విచ్చుకుని చుక్క తోకలాగా సాగుతుంది. మరీ దగ్గరగా పెడితే, పేజీ కుదించి ముతక కాయితం మీద అచ్చేసేసరికి సిరా పాకి నల్లటి మరకవుతుంది. యుద్ధంలో న్యూ బ్రిటన్ దీవిలో ఎడమ చెయ్యి పోయిన మనిషికి, గీత గీస్తుంటే స్కేలు నొక్కిపట్టే రెండో చెయ్యి కూడా లేదు.

కానీ ఇదంతా రాస్తుంటే నా వాదనే నాకు వదులుగా కనిపిస్తోంది. అద్దెకిచ్చే మాంగా పుస్తకాలకి గీసిన రోజుల్లో మిజుకి కూడా రాత్రీ పగలూ పనిచేశాడు, ఆ పేదరికంలో వేరే దారి లేదు. 1965లో తన మాంగా 'తెరెబి-కున్'కి ప్రచురణ సంస్థ కొదాన్షా ఇచ్చే బహుమతి వచ్చాకే పరిస్థితి మారింది. స్టూడియో పెట్టాడు, సహాయకులొచ్చారు. పేరున్న మాంగా చిత్రకారులు యోషిహారు త్సుగే, ర్యోయిచి ఇకెగామి అక్కడ పనిచేసినవాళ్ళే. అంటే ఆయన నిద్ర వట్టి స్వభావం కాదు, పక్కన ఇంకొన్ని చేతులుండబట్టి కుదిరింది. తెజుకాకీ సహాయకులున్నారు మరి. అయితే ఆయన ఒకేసారి ఎన్నో ధారావాహికలు ఒప్పుకునేవాడు, అది చాలదన్నట్టు యానిమేషన్ స్టూడియో కూడా నెత్తిన పెట్టుకున్నాడు. ఆ ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది.