శ, ష, స విడివిడిగా వినిపించే వరకు

మా నాన్న తెలుగు పండితులుగా పదవీ విరమణ చేశారు. కారెక్కితే ఆయనకు పద్యాలు కావాలి. పోయిన వేసవిలో కడప నుంచి రాజంపేట వెళ్తుండగా, ఒంటిమిట్ట ఇంకా రాకముందే చెయ్యి చాచి స్టీరియో ఆపేశారు. "పద్యాన్ని నమిలి ఉమ్మినట్టుంది. వద్దులే, నాయనా" అన్నారు. కారు 2009లో కొన్నది. ఆ గరగరకు నా చెవి అలవాటు పడిపోయింది, ఆయన చెవి పడలేదు. మిగతా దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం నాకు చాలా బాధగా అనిపించింది.

మొదట స్టీరియోనే పోయిందనుకున్నాను. కొత్తది కొనే ముందు ఒక రాత్రి ఇంటి ముందు కూర్చుని బ్యాలెన్స్‌ను ఎడమకూ కుడికీ, ఫేడర్‌ను ముందుకూ వెనక్కీ తిప్పుతూ ఒక్కో స్పీకరునూ విడిగా విన్నాను. వెనకవి రెండూ బాగానే ఉన్నాయి. ముందు తలుపుల్లోవే, ముఖ్యంగా ఎడమది, గొంతు మంద్రానికి దిగినప్పుడల్లా గరగరమంటోంది. మరునాడు తలుపు లోపలి ప్యానెల్ విప్పాను. కాగితపు శంకువు చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. కడప ఎండలో అన్నేళ్లు మగ్గితే ఫోమ్ ఏం మిగులుతుంది? ఆ అంచు పోతే శంకువుకు పట్టు ఉండదు, వెనకనున్న తీగచుట్ట పక్కకు ఒరిగి అయస్కాంతాన్ని రాసుకుంటుంది. గరగర అక్కడిదే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. కారుతో వచ్చిన ఆ స్పీకర్లలో పై స్థాయి ధ్వనులను పలికించే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, విడిగా లేదు, మధ్యలో చిన్న కాగితపు గరాటు మాత్రమే ఉంది. శ, ష, స లాంటి ఊష్మాల స్పష్టత ఎక్కువగా పై స్థాయి ధ్వనుల్లోనే ఉంటుంది. వాటిని ఆ గరాటు సరిగా పలికించలేదు. అంటే కారు కొత్తగా ఉన్నప్పుడు కూడా నాన్నకు పద్యం పూర్తిగా వినపడి ఉండదు.

ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణానికి వెళ్తే ముందుగా చూపించింది పెట్టె మీద పెద్ద అక్షరాలతో 300 వాట్లు అని రాసి ఉన్న జత. అది క్షణకాలం తట్టుకోగల గరిష్ఠ శక్తి. నిలకడగా ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఆర్‌ఎంఎస్ అంకె, అది ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. పైగా మా స్టీరియో మీద 50 వాట్లు అని రాసి ఉన్నా, అలాంటివి ఒక్కో స్పీకరుకు నిలకడగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్లే. విడిగా ఆంప్లిఫయర్ పెట్టే ఉద్దేశం నాకు లేదు. అందుకే నేను వెతికింది సెన్సిటివిటీ అంకె: ఒక వాటు శక్తి ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందన్నది. ఇది 3 డెసిబెల్స్ ఎక్కువుంటే అదే ధ్వనికి సగం శక్తి చాలు. వాట్లు చూసి కొనేవారు ఈ ఒక్క అంకె చూస్తే ఎంత డబ్బు మిగులుతుందో!

చివరికి రెండు జతలు మిగిలాయి. ఒకటి 87 డెసిబెల్స్, బాస్ బలంగా ఉంది. రెండోది 91. విద్యుత్ నిరోధం రెండింటికీ 4 ఓమ్‌లే, పాతవాటిలాగే. తక్కువ ఓమ్‌లవి పెడితే స్టీరియో మీద భారం పడుతుంది కనుక ఆ విషయంలో రాజీ పడదలచుకోలేదు. నాన్నను కూడా వెంట తీసుకెళ్లి, పెన్ డ్రైవ్‌లోని ఒకే పద్యాన్ని రెండింటిలోనూ వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని ఒక పాదాన్నే మూడుసార్లు పెట్టించుకున్నారు. "రెండోదానిలో శకారం ఉంది" అన్నారు. అంతే, అదే తీసుకున్నాను. రబ్బరు అంచు, మధ్యలో ట్వీటర్ ఉన్న కోయాక్సియల్ జత. ట్వీటర్లు విడిగా వచ్చే కాంపొనెంట్ రకం ఇంకా మెరుగే కానీ, మా కారు తలుపుల్లో వాటికి చోటు లేదు, కోసి చోటు చెయ్యడం నాకు ఇష్టం లేదు.

కొనే ముందే అద్దం పూర్తిగా దించి, స్పీకరు కూర్చునే అంచు నుంచి అద్దం వరకు స్కేలుతో కొలిచి పెట్టుకున్నాను. 58 మిల్లీమీటర్లు. ఈ కొలత లేకుండా ఆరున్నర అంగుళాల స్పీకరు అని మాత్రమే చూసి కొంటే, వెనక అయస్కాంతం అద్దానికి తగిలే ప్రమాదం ఉంది.

బిగించే కుర్రాడు కంపెనీ ప్లగ్గు కోసేసి వైర్లు మెలిపెడతానన్నాడు. వద్దన్నాను. ఆ ప్లగ్గుకు సరిపోయే కనెక్టర్ దొరుకుతుంది, ఖర్చు కూడా చాలా తక్కువ. రెండు రోజులు ఆగి తెప్పించుకున్నాను. తలుపు లోపల అంటించి ఉండే ప్లాస్టిక్ షీటును కూడా తిరిగి అంటించమని పట్టుబట్టాను. వాన నీరు అద్దం వెంట తలుపులోకి దిగుతుంది, దాన్ని కారు లోపలికి రానివ్వకుండా ఆపేది ఆ షీటే.

ఇంటికొచ్చి వింటే గరగర లేదు, కానీ బాస్ పలచగా ఉంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు. ప్యానెళ్లు మళ్లీ విప్పి, ప్లగ్గు తీసి, 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం ఆ వైర్ల కొసలకు తాకించి చూశాను. కుడి శంకువు బయటికి కదిలింది, ఎడమది లోపలికి. ఎడమ తలుపులో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒకటి బయటికి, ఇంకొకటి లోపలికి తోస్తుంటే మంద్ర ధ్వనులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వైర్లు మార్చగానే గొంతు నేరుగా ముందు అద్దం మధ్యకు వచ్చి నిలబడింది.

తరువాతి ఆదివారం మళ్లీ రాజంపేట బయలుదేరాం. ఒంటిమిట్ట దాటింది, నాన్న చెయ్యి స్టీరియో వైపు వెళ్లలేదు. నందలూరు దగ్గర ఉన్నట్టుండి వెనక్కి తిప్పమన్నారు. మళ్లీ విని, "ఈ గాయకుడు ఇక్కడ షకారాన్ని శకారంగా పలికాడు, విన్నావా?" అన్నారు. విన్నాను.