బత్తాయి తొక్కలు ఎక్కడికి పోతున్నాయి?

నల్లగొండలో ఎండాకాలం జ్యూస్ బండ్ల పక్కన బత్తాయి తొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, అవన్నీ ప్లాస్టిక్ కవర్లతో కలిసి డంపింగ్ యార్డుకు పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. గాలి ఆడని గుట్టలో అది కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది, గాలి తగిలితే మంచి ఎరువవుతుంది. తడి, పొడి వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు, అయినా మనం ఇంకా కలిపే ఇస్తున్నాం.

మా ఇంట్లో పాత డ్రమ్ముకు రంధ్రాలు పెట్టి, ఒక వంతు వంటింటి చెత్తకు రెండు వంతుల ఎండు వేపాకు వేసి, వారానికోసారి తిరగేస్తాం. మొదట్లో ఆకు తక్కువై కంపు కొట్టి పురుగులు పడితే అమ్మ పారేయమంది. ఆకు పెంచాక వాసనే లేదు. తొక్కల్ని మాత్రం చిన్న ముక్కలు చేయండి, లేకపోతే నెలలైనా కుళ్లవు.

మొన్న వచ్చిన ఎరువు మునగచెట్టుకు వేశాం.