మళ్ళీ పాలు మొదలుపెట్టిన రోజు

పొద్దున ఆయన లేవకముందే ఒక గ్లాసు పాలు కాచుకుని తాగేశాను. తాగాక గ్లాసు కడిగి బోర్లించాను కూడా. ఎవరింట్లోనైనా ఇది చెప్పుకునేంత విషయమా? వారాల తరబడి పాలు, పెరుగు, వెన్న, నెయ్యి ఏదీ నోట పెట్టకుండా ఉండి, పాప కాస్త తెరిపిన పడిందనుకునేసరికి, కావాలని మళ్ళీ ఆ పాలే తాగాలంటే మాత్రం చెయ్యి ఆడలేదు. డాక్టరుగారు చెప్పారు కాబట్టి తాగాను, అంతే.

పాపకి పూర్తిగా నా పాలే. ఒకరోజు డైపర్ తీస్తే మోషన్‌లో జిగురు, ఆ జిగురులో ఎర్రటి దారప్పోగులా సన్నగా రక్తం. మళ్ళీ ఇంకోరోజు అలాగే. పిల్ల మాత్రం ఆడుకుంటోంది, బరువు పెరుగుతోంది, జ్వరం లేదు. డాక్టరుగారు చూసి, వేరే కారణాలేవీ కనిపించడం లేదు, ఆవుపాల ప్రొటీన్ పడటం లేదేమో చూద్దాం అన్నారు. "నేను పైపాలే పట్టడం లేదు కదండీ" అన్నాను. మనం తాగిన పాలలోని బీటా-లాక్టోగ్లోబ్యులిన్ లాంటి ప్రొటీన్లు చాలా కొద్ది మోతాదులో తల్లిపాలలోకి వస్తాయట. కొందరు పిల్లల పేగుకి ఆ కొంచెమే ఎక్కువ.

పోనీ రక్తపరీక్ష చేయించి తేల్చేద్దామంటే అదీ కుదరదన్నారు. పాలు కడుపులో పడ్డ నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతులు వచ్చే రకం వేరు. అది ఐజీఈ అనే యాంటీబాడీల వల్ల వస్తుంది కాబట్టి రక్తంలోనో, చర్మపరీక్షలోనో ఆచూకీ దొరుకుతుంది. ఆ రకమైతే ఇలా ఇంట్లో పాలు మొదలుపెట్టనిచ్చేవారు కాదు. పాపది అయితే గియితే రెండో రకం, గంటల తర్వాతో రోజుల తర్వాతో మెల్లగా బయటపడేది. దీనికి పరీక్ష ఒక్కటే: 2 నుంచి 4 వారాలు పూర్తిగా మానేసి చూడాలి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టి చూడాలి.

మానేయడం తిప్పలు తిప్పలుగానే గడిచింది. పాలు తాగకపోవడం పెద్ద పనేం కాదు. అసలు పని ప్యాకెట్ల వెనక చీమల బారు అక్షరాలు చదవడం. కేసీన్ అన్నా, సోడియం కేసీనేట్ అన్నా, వే పౌడర్ అన్నా, మిల్క్ సాలిడ్స్ అన్నా అన్నీ పాలే. పాలు ఊసే లేదనుకున్న బిస్కెట్లలో, సూప్ పొడిలో కూడా ఉన్నాయి. ఆయన పాపం ఎంతో సంబరంగా లాక్టోజ్ లేని పాలు పట్టుకొచ్చారు. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర, మన గొడవ ప్రొటీన్‌తో. నా పాలలోనే 100 మిల్లీలీటర్లకు 7 గ్రాముల దాకా లాక్టోజ్ ఉంటుంది, పాప రోజంతా తాగేది అదేగా అంటే నాలిక్కరుచుకున్నారు. మేకపాలు తాగమని సలహా ఇచ్చినవాళ్ళకైతే లెక్కలేదు. మేకపాల ప్రొటీన్లు ఆవుపాల వాటికి దాదాపు జంట కవలలు, గేదెపాలవీ అంతే. కాల్షియం, విటమిన్ డి మాత్రలు మాత్రం డాక్టరుగారు రాసినవి రోజూ వేసుకున్నాను. పాలిచ్చే తల్లికి రోజుకి కనీసం 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, అది గాలిలోంచి రాదు కదా.

రక్తం ఆగిపోయింది. రాత్రిళ్ళు ముడుచుకుపోయి ఏడవడం కూడా తగ్గింది. అమ్మ ఫోన్‌లో ఒకటే పోరు. "పిల్ల హాయిగా నిద్రపోతుంటే మళ్ళీ ఈ తంటా నీకెందుకే?" నాకూ మొదట అలాగే అనిపించింది, దాచుకోవడమెందుకు. కానీ ఆలోచిస్తే, ఆ వయసులో పిల్లల ఏడుపులు, పాలు కక్కడాలు వాటంతటవే తగ్గుతాయి. ఆ రక్తపు చార కూడా కొందరిలో తల్లి ఏమీ మానకపోయినా ఆగిపోతుందట. మరి తగ్గింది నేను మానడం వల్లా, పాప పెరగడం వల్లా? ఇది తేలకపోతే రేపు ఘనాహారం మొదలుపెట్టేటప్పుడు కూడా పాలకు సంబంధించినవన్నీ పక్కన పెట్టేస్తాం. అనుమానం కాస్తా ఖాయమైపోతుంది. లేని ఎలర్జీని పిల్ల నెత్తిన ఏళ్ళ తరబడి మోయించడం కన్నా ఈ టెన్షనేదో ఇప్పుడే పడటం మేలు. నిజంగా ఎలర్జీయే అయినా, ఈ రకం చాలామంది పిల్లల్లో ఏడాది తిరిగేసరికి సర్దుకుంటుందన్నారు.

మొదలుపెట్టింది ఈరోజేనని ఆయనకి చెప్పలేదు. మా నోట్‌బుక్‌లో రెండు భాగాలున్నాయి. నేను తిన్నది నేను రాస్తాను, డైపర్ సంగతి ఆయన రాస్తారు. పాలు తాగానని తెలిస్తే మామూలు మోషన్‌లో కూడా ఆయనకి జిగురు కనిపిస్తుంది. నాకైతే పాప ఆవులించినా ఎలర్జీలాగే ఉంది. మధ్యాహ్నం పాలు తాగి భుజం మీద కొంచెం కక్కింది. గుండె గుభేలుమంది. పోయిన వారం పేజీలు తిరగేస్తే అప్పుడూ దాదాపు రోజూ కక్కింది, అప్పుడు నేను పాల వాసన కూడా చూడలేదు.

ఆయన మధ్యాహ్నం డైపర్ మార్చి "పసుపు, మామూలే" అని రాశారు. రాత్రిది మాత్రం లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశారు. నేను వెనకాలే నిలబడ్డాను, ఏమీ అనకుండా ఉండటం ఎంత కష్టమో.

"ఏంటి అలా చూస్తున్నావు? మొదలెట్టావా ఏంటి?" అన్నారు.

"ముందు రాయండి, తర్వాత చెప్తాను."

"పసుపు, కొంచెం జిగురు?" అని రాశారు. ప్రశ్నార్థకం కొట్టెయ్యనా అని అడిగితే వద్దన్నాను. కొంచెం జిగురు ఒక్కటే ఉంటే లెక్కలోకి తీసుకోవద్దని, రక్తం మళ్ళీ కనిపిస్తే పాలు ఆపేసి రమ్మని, ముఖం వాచినా ఊపిరి కష్టమైనా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తమని డాక్టరుగారు ముందే చెప్పి పంపారు. కాబట్టి ఇంకా ఆపేది లేదు. అయినా వచ్చేవారం చూపించడానికి ఉంటుందని ఫోటో తీసి పెట్టాం. ఫోన్‌లో పిల్ల ఫోటోల కన్నా డైపర్ల ఫోటోలే ఎక్కువయ్యాయి. ఎవరైనా "పాప ఫోటో చూపించు" అంటే ఫోన్ వాళ్ళ చేతికి ఇవ్వకుండా నేనే జరుపుతున్నాను.