గుడ్డు పడని మావాడికి ఫ్లూ టీకా

మావాడికి ఏడేళ్లు. ఆస్తమా ఉంది, పైగా గుడ్డు పడదు. తింటే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు. స్కూల్లో ఫ్లూ జ్వరాలు మొదలయ్యేసరికి టీకా వేయిద్దామని ఇక్కడ కావలిలో డాక్టరుగారిని అడిగితే, "అది కోడిగుడ్లలో తయారుచేసే టీకా, మనకెందుకమ్మా రిస్కు" అన్నారు. ఆస్తమా పిల్లలకు ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా పోవచ్చని చెప్పిందీ ఆయనే. టెన్షన్ పడక ఏం చేస్తాం?

నెల్లూరు పొగతోటలో ఎలర్జీ డాక్టరుగారికి చూపించాం. చేతిమీద గుచ్చి చూసే టెస్టులు ఉంటాయనుకున్నా. ఆవిడ అవేవీ చేయలేదు, ప్రశ్నలే అడిగారు. గుడ్డు తిన్న ఎంతసేపటికి దద్దుర్లు లేచాయి? కేకు తింటే ఏమవుతుంది? ఇంతకుముందు ఏ టీకాకైనా ఇబ్బంది పడ్డాడా? అన్నీ విని, టీకాలో మిగిలే గుడ్డు ప్రొటీన్ చాలా చాలా తక్కువని, గుడ్డు ఎలర్జీకి ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని 2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెప్పిందని వివరించారు. ఫ్లూ టీకాకే గతంలో తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్ల సంగతి వేరట.

అక్కడే టీకా వేసి కాసేపు కూర్చోబెట్టారు. వాడు ఫోన్లో గేమ్ ఆడుకున్నాడు, నాకే గుండె దడ. ఏమీ కాలేదు.

నాకు బాగా ఉపయోగపడింది ఆ తర్వాత చెప్పినవి. తుమ్ములు, ముక్కు దురద ఉండి జ్వరం లేకపోతే ఎలర్జీ కావచ్చు. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఫ్లూ అని అనుమానించాలి, ఎలర్జీ మాత్ర వేసి ఊరుకోకూడదు. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. జ్వరంలో కూడా రోజువారీ ఇన్‌హేలర్ మానకూడదు. (మా ఇంట్లో జ్వరం రాగానే ముందు మానిపించేది దాన్నే!) ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఆవిడ రాసిచ్చిన చీటీ చూశాక రెండోది కావలిలోనే వేశారు. ఆ తర్వాత ఏటా ఒకటి.

"టీకా పడింది కదా, ఇక గుడ్డు పెట్టొచ్చా?" అని మా అత్తయ్య అడిగారు. పెట్టకూడదు. అది తేల్చే పరీక్ష వేరే, దాన్ని ఆసుపత్రిలోనే చేస్తారు.