రెండంగుళాల పరుపు

మా నాన్నగారు 1960లలో విజయవాడ నుంచి ఢిల్లీకి జీటీ ఎక్స్‌ప్రెస్‌లో మూడో తరగతి పెట్టెలో వెళ్లిన సంగతి ఎప్పుడు చెప్పినా, ముందుగా ఆ చెక్క బల్ల గురించే చెప్పేవారు. హోల్డాల్ విప్పి పరిచి, దాని మీద దుప్పటి మడతపెట్టి వేసుకున్నా, రెండో రాత్రికి తుంటి ఎముకలు సలిపేవట. 1974లో మూడో తరగతి అన్న పేరును తీసేసి రెండో తరగతి అన్నారు గాని, బల్ల మాత్రం చెక్కబల్లగానే మిగిలింది. ఆ బల్ల మీదికి రెండంగుళాల ఫోమ్ పరుపు తెచ్చిన రైల్వే మంత్రి మధు దండావతే. స్లీపర్ బోగీలలో జీవితమంతా ప్రయాణించిన నాన్నగారికి ఆయన పేరు తెలియదు. ఈ టపా రాయడానికి అదొక్కటే కారణం.

1977 మార్చిలో జనతా ప్రభుత్వం ఏర్పడినప్పుడు దండావతేకు రైల్వే శాఖ దక్కింది. మొదటి తరగతి వారి సౌకర్యాలను తగ్గించడం కాదు, రెండో తరగతి వారిని పైకి తేవడమే తన ఉద్దేశమని ఆయన స్పష్టంగా చెప్పారు. సమానత్వం గురించి గంటలకొద్దీ ప్రసంగించినవారు మన రాజకీయాలలో చాలామందే ఉన్నారు. అయితే పేదవాడు రాత్రిపూట వీపు ఆన్చి పడుకునే చోటు ఎలా ఉందని ఆలోచించినవారు తక్కువ. ఆ ఏడాది డిసెంబరు చివర బొంబాయి, హౌరాల మధ్య మొదలైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్‌లో మొదటి తరగతి అన్నదే లేదు. అందరిదీ ఒకే తరగతి, అందరికీ పరుపు బెర్తులే. క్రమంగా ఆ పరుపు దేశంలోని మిగతా రైళ్లకూ చేరింది. 1974 మే నెలలో జరిగిన రైల్వే సమ్మె కారణంగా ఉద్యోగాలు పోగొట్టుకున్న కార్మికులను తిరిగి పనిలోకి తీసుకున్నదీ ఆయన హయాంలోనే. 1979 జులైలో ప్రభుత్వం పడిపోయింది కనుక ఆయనకు ఆ శాఖలో దక్కింది రెండేళ్లకు కాస్త పైబడిన కాలమే.

1924 జనవరి 21న అహ్మద్‌నగర్‌లో పుట్టిన దండావతే వృత్తిరీత్యా భౌతికశాస్త్ర అధ్యాపకుడు. అంబేడ్కర్ స్థాపించిన బొంబాయి సిద్ధార్థ కళాశాలలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నారు. 1955లో గోవా విముక్తి కోసం సత్యాగ్రహుల దళానికి నాయకత్వం వహించారు. ప్రజా సోషలిస్టు పార్టీలో ఎదిగారు. 1971లో కొంకణ తీరంలోని రాజాపూర్ నియోజకవర్గం నుంచి లోక్‌సభకు వెళ్లారు. అంతకుముందు ఆ స్థానానికి ప్రాతినిధ్యం వహించిన నాథ్ పాయ్ కూడా సోషలిస్టే. రాజాపూర్ ఓటర్లు దండావతేను వరుసగా ఐదుసార్లు గెలిపించారు. కాంగ్రెస్ నాలుగు వందలకు పైగా స్థానాలు గెలిచి, జనతా పార్టీ పదింటికి పరిమితమైన 1984లో కూడా ఆయనను వదులుకోలేదు.

ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు ఆయన పార్లమెంటరీ కమిటీ పని మీద బెంగళూరులో ఉన్నారు. వాజ్‌పేయి, అద్వానీలతో పాటు ఆయననూ అక్కడే అరెస్టు చేసి బెంగళూరు జైలులో ఉంచారు. సోషలిస్టు కార్యకర్త అయిన ఆయన భార్య ప్రమీలను పుణెలోని ఎరవాడ జైలులో పెట్టారు. వేర్వేరు రాష్ట్రాలలోని రెండు జైళ్ల నుంచి భార్యాభర్తలు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. ప్రమీల ఆయన నీడలో మిగిలిపోయిన మనిషి కాదు. 1980లో బొంబాయి నుంచి తానూ లోక్‌సభకు ఎన్నికయ్యారు.

1989 డిసెంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వంలో ఆయన ఆర్థిక మంత్రి అయ్యారు. బంగారం నియంత్రణ చట్టం రద్దయింది ఆ రోజులలోనే. పదివేల రూపాయల వరకు గ్రామీణ రుణాల మాఫీ పథకం కూడా అప్పుడే వచ్చింది. మన పల్లెలలోనూ పాత బాకీల భారం తగ్గిన కుటుంబాలు ఉన్నాయి. బ్యాంకులకు అప్పు తిరిగి కట్టే అలవాటును ఆ మాఫీ దెబ్బతీసిందన్న విమర్శను నేను తోసిపుచ్చలేను. రైలు పరుపు విషయంలో నాకున్నంత నిస్సంకోచమైన గౌరవం ఈ మాఫీ విషయంలో లేదు.

కొంకణ తీరానికి రైలు మార్గం వేయించాలని ఆయన దశాబ్దాలపాటు పట్టుబట్టారు. ఆయన ఆర్థిక మంత్రిగా, పాత సహచరుడు జార్జ్ ఫెర్నాండెజ్ రైల్వే మంత్రిగా ఉన్న 1990లో కొంకణ్ రైల్వే కార్పొరేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది ఎన్నికలలో రాజాపూర్ ఆయనను ఓడించింది. కొండలను తొలిచి, వాగులు దాటి, రోహా నుంచి మంగుళూరు వైపు దాదాపు 740 కిలోమీటర్ల మార్గం పూర్తయ్యేసరికి 1998 వచ్చింది. 2005 నవంబరు 12న ఆయన ముంబైలో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని జె.జె. ఆసుపత్రికి అప్పగించారు.

కొన్నేళ్ల క్రితం నేను ఆ మార్గంలో స్లీపర్ బోగీలో గోవా వైపు వెళ్లాను. రాజాపూర్ రోడ్ అన్న పసుపుపచ్చని స్టేషన్ బోర్డు కిటికీ పక్కనుంచి సాగిపోయేసరికి అర్ధరాత్రి దాటింది. పై బెర్తులో ఒక ముసలాయన, మధ్య బెర్తులో పసిబిడ్డను పొదువుకున్న తల్లి గాఢనిద్రలో ఉన్నారు.